రాళ్ళపల్లి పిల్లవాడి రెండు సబ్జెక్టులు



ఆరో తరగతిలో చేరే పిల్లల ఇళ్లకు ఆప్షన్ ఫారం వెళ్లిన రోజు నుంచీ నాకు ఫోన్లు మొదలవుతాయి. సంగీతం పెడితే మార్కులేమైనా వస్తాయా మేడమ్, సంస్కృతం స్కోరింగేనా, అందరూ కోడింగ్ అంటున్నారు అదే రాసేయమంటారా అని అడుగుతారు. వేరుశనగ మీద వచ్చిన డబ్బుతోనో, బెంగళూరులో పనిచేసి పంపిన డబ్బుతోనో ఫీజులు కట్టే ఊళ్లు మనవి. పనికొస్తుందా అని అడగడంలో తప్పేమీ లేదు. నిజం చెప్పాలంటే ఫోన్‌లో నాకు వెంటనే జవాబు తోచదు. అందుకని ఈ నెల మన పక్క మండలంలో పుట్టిన ఒక పిల్లవాడి సంగతి రాస్తున్నాను.

కుందుర్పికి ఆనుకునే ఉన్న కంబదూరు మండలంలో రాళ్ళపల్లి అనే ఊరుంది. 1893 జనవరి 23న అనంతకృష్ణశర్మ అక్కడే పుట్టారు. ఊరి పేరే ఆయన ఇంటిపేరులా నిలిచిపోయింది. తండ్రి కృష్ణమాచార్యులు పండితులు కాబట్టి సంస్కృతం, తెలుగు ఇంట్లోనే మొదలయ్యాయి. తల్లి అలమేలుమంగమ్మ పాటలు పాడేవారు. పాట ఆమె దగ్గర్నుంచే వచ్చింది. మన మాటల్లో చెప్పాలంటే మెయిన్ సబ్జెక్టు నాన్నది, ఆప్షనల్ అమ్మది. ఆయనకు గురువులు ఇంట్లోనే ఉన్నారు. మన పిల్లల్లో చాలామందికి మాత్రం అలాంటి మొదటి గురువు దొరికేది బడిలోనే.

1906లో, 13 ఏళ్ల వయసులో, చదువు కోసం మైసూరు వెళ్లారు. అంటే మన ఎనిమిదో తరగతి పిల్లల ఈడు. పరకాల మఠంలో సంస్కృత కావ్యాలు చదివారు. ఆ రోజుల్లో మైసూరు ఒడెయార్ల ఆదరణలో సంగీతానికి పెద్ద పేరున్న ఊరు. అక్కడ బిడారం కృష్ణప్ప దగ్గర శర్మగారు పాట నేర్చుకున్నారు. తర్వాత దేశమంతా మెచ్చిన వయొలిన్ విద్వాంసుడు చౌడయ్య కూడా ఈ కృష్ణప్ప శిష్యుడే. అంత గొప్ప గురువు దొరికినా శర్మగారు కావ్యాలు పక్కన పెట్టలేదు. కావ్యాలు కష్టమని పాటా మానలేదు.

ఉద్యోగం తెచ్చిపెట్టింది తెలుగే. కట్టమంచి రామలింగారెడ్డి ఆయన పాండిత్యం గుర్తించారు. 1912లో, 19 ఏళ్లకే, శర్మగారు మైసూరు మహారాజా కాలేజీలో తెలుగు పండితులయ్యారు. 1949 వరకు అక్కడే పాఠాలు చెప్పారు. వేమన మీద ఆయన ఇచ్చిన ఉపన్యాసాలు పుస్తకంగా వచ్చి ఇప్పటికీ చదువుతున్నారు. ప్రాకృతంలోని గాథాసప్తశతిని తెలుగు చేశారు. కన్నడంలోనూ రాశారు. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం మాట్లాడే మనకు అదేమీ వింత కాదు.

మరి పాట సంగతి? జీతమిచ్చింది తెలుగు పాఠం. పాడుతూ, కృతులు కట్టుకుంటూ సంగీతాన్ని మాత్రం వదలకుండా దగ్గరే ఉంచుకున్నారు. ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ఎందుకూ పనికిరాదని ఆరో తరగతిలో డ్రాయింగ్ మానేశాను. బీఈడీలో చార్టులు గీయాల్సి వచ్చినప్పుడు ప్రతిసారీ పక్కమ్మాయిని బతిమాలుకున్నాను. ఆమె విసుక్కోలేదు, అది నా అదృష్టం.

శర్మగారు 57వ ఏట తిరుపతి వచ్చారు. తిరుమల గుడిలో అన్నమాచార్యుల పాటలు రాగిరేకుల మీద దొరికిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. దాదాపు 14 వేల పాటలు. వాటిని పరిష్కరిస్తూ వచ్చిన వేటూరి ప్రభాకరశాస్త్రి 1950లో కన్నుమూశారు. ఆ పని శర్మగారి చేతికొచ్చింది. రేకు మీద పాటతో పాటు రాగం పేరు ఉంటుంది, స్వరం ఉండదు. ఎలా పాడాలో చెప్పేవాళ్లు లేరు. భాష చూస్తే 500 ఏళ్లనాటిది. మాట ఎక్కడ విరగాలో తెలియకపోతే అర్థం చెడుతుంది. అర్థం తెలియకుండా బాణీ కడితే మాట మధ్యలో తాళం పడుతుంది. ఒట్టి పండితుడు ఆ పాటలు అచ్చు వేయించగలడు, పాడించలేడు. ఒట్టి గాయకుడు ఎంతో కొంత పాడగలడు గానీ రేకు చదవలేడు. నాన్న నేర్పింది, అమ్మ నేర్పింది రెండూ ఒకే బల్ల మీదికి వచ్చింది అప్పుడే. శర్మగారు పాఠాలు సరిచూసి, ఎన్నో పాటలకు రాగతాళాలు కూర్చి, స్వరాలతో అచ్చు వేయించారు. ఈరోజు మన ఇళ్లలో పొద్దున్నే ఫోన్లలో వినపడే అన్నమయ్య పాటకు దారి వేసిన మొదటివాళ్లలో ఆయనొకరు. ఇలాంటి పని ఒకటి వస్తుందని 1906లో మైసూరు బయల్దేరిన పిల్లవాడికి గానీ, పంపిన తల్లిదండ్రులకు గానీ తెలిసే దారే లేదు.

మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1974లో ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. జీవితమంతా తెలుగు మాస్టారుగా జీతం తీసుకున్న మనిషికి! 1979 మార్చి 11న, 86 ఏళ్ల వయసులో కన్నుమూశారు. తిరుమల తిరుపతి దేవస్థానం ఆయనను ఆస్థాన విద్వాంసుడిగా గౌరవించింది కూడా ఆ రోజే.

ఆప్షన్ ఫారాలు నెలాఖరులోగా క్లాస్ టీచర్‌కు అందజేయండి. మొదటి గడి మీరు నింపండి. రెండో గడి మాత్రం ఖాళీగా వదలకుండా పిల్లల చేతే రాయించండి. పెన్సిల్‌తో రాసినా తీసుకుంటాం.