ఊపిరి కోసం యంత్రాన్ని తయారుచేసిన స్వీపర్: జేమ్స్ ముర్రే స్పాంగ్లర్

పొడవాటి జుట్టున్నవారు ఉండే ఇంట్లో వాక్యూమ్ క్లీనర్‌ను తిరగేసి చూస్తే, అడుగున ఉండే బ్రష్‌కు వెంట్రుకలు దారపు కండెలా చుట్టుకుని కనిపిస్తాయి. యంత్రం మోత మోగుతూనే ఉంటుంది, దుమ్ము మాత్రం లేవదు. చాలామంది యంత్రం పాడైందనుకుంటారు. నిజానికి ఆగిపోయింది మోటారు కాదు, ఆ గుండ్రటి బ్రష్. తివాచీ మీద గిరగిరా తిరుగుతూ దుమ్మును రేపే ఆ బ్రష్‌ను విద్యుత్ మోటారుకు జతచేసి, ఇంటింటా వాడదగిన యంత్రంగా మలిచిన వ్యక్తి ఒక దుకాణంలో ఊడ్చే పని చేసేవాడు. ఆయన పేరు జేమ్స్ ముర్రే స్పాంగ్లర్.

స్పాంగ్లర్ 1848 నవంబరు 20న అమెరికాలో జన్మించాడు. ఆయన జీవితంలో అధిక భాగం ఒహాయో రాష్ట్రంలోని స్టార్క్ కౌంటీలో గడిచింది. 1874లో వివాహమాడాడు. జీవనోపాధికి వస్తువులు అమ్మే ఉద్యోగం చేసినా, ఆయన మనసు మాత్రం ఎప్పుడూ యంత్రాల మీదే ఉండేది. 1887లో ధాన్యం కోత యంత్రానికి పేటెంటు పొందాడు. 1893లో ఎండుగడ్డిని పోగుచేయడానికీ, తిరగేసి ఆరబెట్టడానికీ కూడా పనికివచ్చే పరికరాన్ని రూపొందించాడు. 1897లో తొక్కుతూ నడిపే ఒక చిన్న బండికి పేటెంటు సంపాదించాడు. ఆలోచనలకు కొదవ లేదు. కానీ వాటిని వ్యాపారంగా నిలబెట్టడం ఆయనకు చేతకాలేదు. పెట్టిన సంస్థలు కొద్దికాలానికే మూతపడ్డాయి.

అప్పులూ, వయసూ కలిసి మీదపడిన దశలో, 1907 నాటికి ఆయన క్యాంటన్ పట్టణంలోని జోలింజర్ డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో పారిశుద్ధ్య పనికి కుదిరాడు. అప్పటికి ఆయన వయసు 58 ఏళ్లు. మూడు పేటెంట్లు చేతిలో ఉన్న మనిషి, రాత్రివేళ దుకాణపు తివాచీలను ఊడ్చేవాడు.

ఆ పనికి ఆయనకు ఇచ్చిన సాధనం చేత్తో తోసే తివాచీ స్వీపరు. చక్రాలు కదిలితే లోపలి బ్రష్ తిరిగి చెత్తను ఒక పెట్టెలోకి నెట్టేది. పెద్ద చెత్త పెట్టెలో పడేది గాని, సన్నటి దుమ్ము గాలిలోకి లేచి గదంతా కమ్ముకునేది. స్పాంగ్లర్‌కు ఉబ్బసం ఉంది. తివాచీ ఊడ్చిన ప్రతిసారీ దగ్గు తెరలు తెరలుగా వచ్చి, ఊపిరి ఆడేది కాదు. పని మానేస్తే పూట గడవదు, పని చేస్తే ప్రాణం నిలవదు. ఈ రెండింటి మధ్య చిక్కుకున్న మనిషికి యంత్రాన్ని మార్చడం తప్ప మరో దారి కనిపించలేదు.

గాలితో దుమ్మును లాగే ఆలోచన అప్పటికే ఉంది. ఇంగ్లండులో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజినీరు 1901లోనే శక్తిమంతమైన చూషణ యంత్రాన్ని తయారుచేశాడు. దానిని గుర్రపు బండి మీద వీధిలో నిలిపి, పొడవాటి గొట్టాలను కిటికీల గుండా ఇళ్లలోకి పంపేవారు. 1902లో ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకానికి ముందు వెస్ట్‌మినిస్టర్ అబే తివాచీలను శుభ్రం చేసింది బూత్ యంత్రమే. అయితే అది సంపన్నులు అద్దెకు పిలిపించుకునే సేవ. ఒక్క మనిషి ఒక్క చేత్తో నడుపుకోగల సాధనం కాదు. స్పాంగ్లర్‌కు కావలసింది అదే.

ఆయన ఎంచుకున్న సామగ్రి ఇంట్లో దొరికేదే. ఒక తగరపు సబ్బు పెట్టె, ఒక పంకా, ఒక విద్యుత్ మోటారు, ఒక దిండు గలీబు, ఒక చీపురు కర్ర. మోటారు పంకాను తిప్పుతుంది. పంకా గాలిని వెనక్కు నెడుతుంది. ముందు భాగంలో పీడనం తగ్గి, బయటి గాలి దుమ్ముతో సహా లోపలికి దూసుకువస్తుంది. వెనుక కట్టిన గలీబు గాలిని బయటకు వదిలి, దుమ్మును తనలో ఉంచుకుంటుంది. సూత్రం ఇంతే.

ఈ అమరికకు ఆయన మరొకటి జోడించాడు. అదే మోటారు నుంచి బెల్టు వేసి, ముందు భాగంలో ఒక గుండ్రటి బ్రష్‌ను తిప్పించాడు. రోజూ తివాచీ ఊడ్చిన మనిషికి తెలిసిన విషయం ఇది: తివాచీ నూలులో లోతుగా దిగిన మట్టి గాలికి మాత్రమే లొంగదు, ముందుగా దానిని కదిలించాలి. బ్రష్ కదిలిస్తుంది, గాలి లాగుతుంది, సంచి పట్టి ఉంచుతుంది. 1907 సెప్టెంబరులో ఆయన పేటెంటుకు దరఖాస్తు చేశాడు. 1908 జూన్ 2న అది మంజూరైంది.

స్పాంగ్లర్ మిత్రుల పెట్టుబడితో ఎలక్ట్రిక్ సక్షన్ స్వీపర్ కంపెనీని స్థాపించాడు. యంత్రాలను చేత్తో ఒక్కొక్కటిగా బిగించేవారు. కుటుంబ సభ్యులు కూడా పనిలో చేయి వేశారు. అయినా పాత కథే పునరావృతమయ్యేలా కనిపించింది. యంత్రం బాగుంది, పెట్టుబడి చాలలేదు.

ఆ దశలో ఆయన తన యంత్రాన్ని పరిచయస్తురాలైన సుసాన్ హూవర్‌కు చూపించాడు. ఆమె తన ఇంట్లో వాడి చూసి, భర్త విలియం హెన్రీ హూవర్‌కు చెప్పింది. హూవర్ సమీపంలోని న్యూ బెర్లిన్‌లో గుర్రపు జీనులు, తోలు సామాను తయారుచేసే వ్యాపారి. మోటారు కార్లు రావడంతో గుర్రాలకు కాలం చెల్లుతోందని గ్రహించి, కొత్త వ్యాపారం కోసం వెతుకుతున్నాడు. 1908లో ఆయన స్పాంగ్లర్ హక్కులను కొన్నాడు. తోలు కర్మాగారంలోనే ఒక మూల యంత్రాల తయారీ మొదలైంది. స్పాంగ్లర్ సంస్థలోనే ఉండి తయారీని పర్యవేక్షించాడు. అమ్మిన ప్రతి యంత్రానికీ రాయల్టీ అందే ఒప్పందం కుదిరింది.

1908 డిసెంబరులో ఒక జాతీయ వారపత్రికలో ప్రకటన వెలువడింది. అడిగినవారికి పది రోజులు ఇంట్లో ఉచితంగా వాడి చూసే అవకాశం కల్పిస్తామన్నది దాని సారాంశం. యంత్రాన్ని నేరుగా ఇంటికి పంపకుండా, స్థానిక దుకాణదారు ద్వారా అందజేశారు. ఆ దుకాణాలే క్రమంగా అమ్మకపు కేంద్రాలయ్యాయి. యంత్రం తయారుచేయడం స్పాంగ్లర్‌కు తెలుసు, ఇంటి గడప దాటించడం హూవర్‌కు తెలుసు. 

ఇక వెంట్రుకల విషయం. స్పాంగ్లర్ కాలంలో అమెరికా స్త్రీలలో అధికులు జుట్టును పొడవుగా పెంచి, ఎత్తుగా ముడి వేసుకునేవారు. జుట్టు కత్తిరించుకునే అలవాటు విస్తృతంగా వచ్చింది 1920ల్లోనే. అంటే ఆ యంత్రం అడుగుపెట్టిన తొలి ఇళ్లు కూడా పొడవాటి జుట్టు రాలే ఇళ్లే. మనిషి తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ఆరోగ్యవంతులకు కూడా రోజుకు 50 నుంచి 100 దాకా రాలడం సహజం. నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున పెరిగే వెంట్రుక రెండు అడుగుల పొడవు కావడానికి అయిదేళ్లు పడుతుంది.

అంత పొడవున్న వెంట్రుక నేల మీద పడితే, అయిదు సెంటీమీటర్ల మందమున్న బ్రష్‌కు దాదాపు నాలుగు చుట్లు తిరుగుతుంది. పొట్టి వెంట్రుక గాలితో పాటు సంచిలోకి పోతుంది. పొడవాటిది పోదు. ఒక కొస గాలికి లోపలికి కదిలేలోగా, మిగిలిన భాగాన్ని బ్రష్ చుట్టేసుకుంటుంది. దాని మీద మరొకటి, ఆ పైన మరొకటి చేరి బిగిసిపోతాయి. కుచ్చులు లోపల కూరుకుపోయి తివాచీని తాకవు. కొన్ని వెంట్రుకలు పక్కలకు జరిగి, బ్రష్ ఇరుసు తిరిగే బేరింగుల్లోకి చొరబడతాయి. బ్రష్ బరువెక్కితే బెల్టు జారుతుంది, వేడెక్కుతుంది, చివరకు తెగుతుంది. దుమ్మును కదిలించడానికి స్పాంగ్లర్ చేర్చిన భాగమే, వెంట్రుకలకు మొదట చిక్కే భాగం కూడా.

ఆయన తర్వాత శతాబ్దానికి పైగా యంత్ర నిర్మాతలు ఈ చిక్కుతోనే తలపడుతున్నారు. 1926లో హూవర్ సంస్థ బ్రష్‌కు గట్టి కడ్డీలను జతచేసి, తివాచీని కొడుతూ శుభ్రం చేసే పద్ధతి తెచ్చింది. ఇటీవలి నమూనాల్లో బ్రష్ పక్కనే దువ్వెన పళ్లను అమర్చడం, బ్రష్‌ను ఒక వైపుకు సన్నగా చేసి వెంట్రుకలు జారిపోయేలా చూడడం వంటి ఏర్పాట్లు ఉన్నాయి. ఇవి చిక్కును తగ్గిస్తాయి, పూర్తిగా తొలగించవు.

కాబట్టి శుభ్రం చేసే యంత్రాన్ని శుభ్రం చేయడం మనిషి పనిగానే మిగిలింది. ఆ పని కష్టమైనది కాదు, వరుస తప్పకుండా చేయవలసినది. ముందుగా ప్లగ్ తీసివేయాలి. బ్యాటరీతో నడిచేదైతే బ్యాటరీని వేరుచేయాలి. బ్రష్‌ను బయటికి తీసి, కుచ్చుల వరుసల నడుమ పొడవునా కత్తెర నడిపితే చుట్టంతా ఒక్కసారిగా విడిపోతుంది. వేళ్లతో పట్టి లాగితే బిగుసుకుంటుందే తప్ప రాదు. తర్వాత రెండు కొసల మూతలు తెరిచి, ఇరుసును చుట్టుకున్న వెంట్రుకలను తీయాలి. అధికులు మరచిపోయేది ఈ కొసలనే. బ్రష్ చేత్తో తిప్పితే సులువుగా తిరగాలి. బెల్టు సాగినా, పగిలినా మార్చాలి.

గొట్టంలో వెంట్రుకలు ఉండకట్టి గాలికి అడ్డుపడవచ్చు, దానినీ చూడాలి. సంచి లేదా డబ్బా నిండకముందే ఖాళీ చేయాలి, ఎందుకంటే గాలి బయటికి పోయే దారి మూసుకుంటే లోపలికి వచ్చే గాలి కూడా తగ్గుతుంది. కడగదగిన ఫిల్టరును కడిగాక పూర్తిగా ఆరనిచ్చిన తర్వాతే బిగించాలి. పొడవాటి జుట్టున్న ఇంట్లో ఈ పరిశీలన వారానికి ఒకసారి చేస్తే యంత్రం ఏళ్ల తరబడి నిలుస్తుంది. యంత్రం నడపడానికి ముందు చీపురుతో వెంట్రుకలను ఒకచోటికి ఊడ్చి ఎత్తివేస్తే సగం శ్రమ తప్పుతుంది. తల దువ్వుకునేటప్పుడు ఒకేచోట కూర్చుని, రాలిన వెంట్రుకలను వేలికి చుట్టి పారవేసే మన పెద్దవాళ్ల అలవాటు ఈ యంత్రానికి కూడా మేలు చేసేదే.

తెలుగు ఇళ్లలో గచ్చు, నాపరాయి, టైల్సు నేలలే అధికం కనుక, చీపురూ తడిగుడ్డా చాలాకాలం సరిపోయాయి. వాక్యూమ్ క్లీనర్ మన ఊళ్లలో సామాన్యమైంది ఆలస్యంగానే. తివాచీ పరిచిన అమెరికా ఇళ్లకు వెళ్లిన తెలుగు కుటుంబాలకు మాత్రం అది వెళ్లిన వారంలోనే పరిచయమవుతుంది. జడ వేసుకునే ఆడపిల్లలున్న ఇంట్లో బ్రష్ చిక్కులు కూడా త్వరలోనే పరిచయమవుతాయి.

స్పాంగ్లర్ తన విజయాన్ని కొన్నేళ్లే చూశాడు. జీవితంలో తొలిసారిగా సెలవు తీసుకుని ఫ్లోరిడాకు ప్రయాణం పెట్టుకున్నాడు. బయలుదేరవలసిన దానికి ముందు రాత్రి, 1915 జనవరి 22న, కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయసు 66 ఏళ్లు. పేటెంటు గడువు ముగిసిన 1925 వరకు ఆయన కుటుంబానికి రాయల్టీ అందుతూ వచ్చింది.

యంత్రం మీద నిలిచిన పేరు హూవర్‌ది. బ్రిటన్‌లో ఇల్లు ఊడ్చే పనికే ఆ పేరు క్రియగా మారిపోయింది. హూవర్ చేసిన కృషి తక్కువది కాదు. ఒప్పందం ప్రకారం స్పాంగ్లర్ కుటుంబానికి చెల్లింపులు ఆగలేదు. అయితే ఆ యంత్రం పెట్టుబడిదారుడి లెక్కల్లోంచి పుట్టలేదు. ఊడిస్తే ఊపిరాడని ఒక స్వీపర్ అవసరంలోంచి పుట్టింది. దుమ్ము ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోతోందో ఆయనకు స్వయంగా తెలుసు కనుకనే, అది గాలిలో లేవకుండా సంచిలో చేరే ఏర్పాటు చేశాడు.

మన నగరాల్లో, ఊళ్లలో నేటికీ తెల్లవారకముందే వీధులూ, కార్యాలయాలూ, ఆసుపత్రులూ ఊడ్చేవారున్నారు. వారిలో అనేకుల చేతిలో ఉన్నది చీపురే, ముక్కుకు అడ్డం ఉన్నది చీర కొంగో తువ్వాలో మాత్రమే. 1907లో క్యాంటన్ దుకాణంలో స్పాంగ్లర్ ఎదుర్కొన్న ఇబ్బంది వారికి ఇంకా తీరలేదు. ఇంట్లో బ్రష్‌కు చుట్టుకున్న వెంట్రుకలను కత్తిరించేందుకు కూర్చున్నప్పుడు, ఆ బ్రష్‌ను మొదట బిగించిన మనిషి కూడా ఊడ్చే పనివాడేనని గుర్తుచేసుకోవచ్చు.