క్రీడాగురువు రహీం

సంగీతం నేర్పే గురువులందరూ గొప్ప కచేరీలు చేసినవారు కారు. గణితం బోధించే అధ్యాపకులందరూ కొత్త సిద్ధాంతాలను కనుగొన్నవారు కారు. అయినా వారి శిష్యులలో ఎందరో విద్వాంసులు వెలుగులోకి వచ్చారు. క్రీడారంగంలో మాత్రం భిన్నమైన అభిప్రాయం బలంగా నాటుకొని ఉంది. మైదానంలో మేటిగా వెలిగినవాడే మంచి శిక్షకుడు కాగలడని చాలామంది భావిస్తారు. ఈ అభిప్రాయానికి తన జీవితంతోనే సమాధానం చెప్పిన మహనీయుడు సయ్యద్ అబ్దుల్ రహీం. దేశం తరఫున ఆడే అవకాశం ఏనాడూ రాని ఈ హైదరాబాదు ఉపాధ్యాయుడు, భారత ఫుట్‌బాల్ జట్టును రెండుసార్లు ఆసియా క్రీడల విజేతగా నిలిపారు.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకొనే రోజులలో కళాశాల జట్టులో ఆడారు. ఆ తరువాత స్థానిక క్లబ్బుల తరఫున ఆడారు. ఆయన ఆట తెలియనివారు కారు. అయితే ఆటగాడిగా ఆయన పేరు నగరం ఎల్లలు దాటలేదు. జీవనోపాధికి ఉపాధ్యాయ వృత్తిని చేపట్టి కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలైన చోట్ల పాఠశాలలలో పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, పిల్లల ఆటపాటల బాధ్యతను స్వీకరించారు. 1940ల తొలినాళ్ళలో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు.

తరగతి గదిలో అలవడిన బోధనా పద్ధతిని రహీం మైదానంలోకి తీసుకువెళ్ళారు. విద్యార్థి ఎక్కడ వెనుకబడి ఉన్నాడో గుర్తించి, అక్కడి నుంచే పాఠం మొదలుపెట్టడం మంచి ఉపాధ్యాయుని లక్షణం. చాలామంది ఆటగాళ్ళకు ఒక కాలే వాటంగా ఉంటుంది. అందుకని వాటంలేని కాలితో మాత్రమే బంతిని తన్నాలనే నియమంతో ఆయన పోటీలు నిర్వహించారు. బంతిని తమవద్దే అట్టిపెట్టుకొని ఒంటరిగా దూసుకుపోయే అలవాటును మాన్పించడానికి, వెంటనే సహచరునికి అందించి తీరాలనే నియమంతో మరికొన్ని పోటీలు పెట్టారు. పేద ఆటగాళ్ళ ఇబ్బందులు కూడా ఆయనకు తెలుసు. సికింద్రాబాదు శివారులోని అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాంకు నగరానికి వచ్చి సాధన చేసే స్తోమత లేకపోతే, అద్దె సైకిలుకు అయ్యే ఖర్చును రహీం ఇచ్చారు. ఆ యువకుడే తరువాత దేశం గర్వించే ఆటగాడయ్యాడు.

ఈ పద్ధతి ఫలితం త్వరలోనే వెల్లడైంది. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పును గెలుచుకొంది. 1950లో డ్యూరాండ్ కప్పు ఫైనల్లో సుప్రసిద్ధమైన మోహన్ బగాన్ జట్టును ఓడించింది. జాతీయ జట్టు శిక్షణ బాధ్యత కూడా రహీంను వరించింది. 1951లో న్యూఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల ఫైనల్లో భారత్ 1-0 తేడాతో ఇరాన్‌పై గెలిచి స్వర్ణం సాధించింది.

మరుసటి ఏడాదే పెద్ద దెబ్బ తగిలింది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో మన జట్టు 1-10 తేడాతో ఓడిపోయింది. మన ఆటగాళ్ళలో చాలామంది ఆనాడు బూట్లు లేకుండానే ఆడారు. రహీం ఈ పరాజయానికి కుంగిపోలేదు. దానిని పాఠంగా స్వీకరించారు. ఆ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన హంగేరీ జట్టు ఆటతీరును శ్రద్ధగా అధ్యయనం చేసి, అందులోని మెళకువలను మనవారికి నేర్పారు. బూట్లు ధరించి ఆడటం కూడా భారత జట్టుకు తప్పనిసరి అయింది. నాలుగేళ్ళ తరువాత, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ 4-2 తేడాతో ఆతిథ్య ఆస్ట్రేలియాను ఓడించి సెమీఫైనల్ చేరింది. ఆ మ్యాచ్‌లో నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశాడు. చివరకు జట్టుకు నాలుగో స్థానం లభించింది.

1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీం ఆరోగ్యం క్షీణించింది. తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో భారత్ 0-2 తేడాతో ఓడింది. తరువాతి మ్యాచ్‌లో రక్షణ శ్రేణికి ఆయువుపట్టయిన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. కోలుకొన్న అతనిని రహీం వెనుక వరుసలో కాక, గోల్ చేసే ముందు వరుసలో నిలిపారు. ఆటగాని బలాన్ని ఎక్కడ, ఎప్పుడు వినియోగించాలో ఎరిగిన గురువు చేసిన నిర్ణయమది. సెమీఫైనల్లో జర్నైల్ గోల్ చేశాడు. సెప్టెంబరు 4న అదే దక్షిణ కొరియాతో జరిగిన ఫైనల్లోనూ గోల్ చేశాడు. మరో గోల్ పి.కె. బెనర్జీ సాధించాడు. ప్రేక్షకులలో అత్యధికులు భారత్‌కు వ్యతిరేకంగా కేకలు వేస్తున్నా, మనవారు 2-1 తేడాతో స్వర్ణం గెలిచారు.

రహీం శిష్యులు ఆయనకు సమర్పించుకొన్న చివరి గురుదక్షిణ అదే అయింది. క్యాన్సర్ వ్యాధితో 1963 జూన్ 11న ఆయన కన్నుమూశారు. ఆ తరువాత ఆరు దశాబ్దాలు గడిచి, 2023లో హాంగ్‌జౌలో ఆసియా క్రీడలు ముగిసే వరకు కూడా ఫుట్‌బాల్‌లో భారత్‌కు మరో స్వర్ణం దక్కలేదు.

మైదానంలో గడించిన అనుభవం శిక్షకునికి మేలు చేస్తుందనడంలో సందేహం లేదు. అయితే తాను ఆడటం వేరు, ఇతరులచేత ఆడించడం వేరు. మొదటిదానికి దేహబలం, నైపుణ్యం చాలు. రెండవదానికి ఎదుటివాని శక్తిని గుర్తించే చూపు, లోపాన్ని దిద్దే ఓర్పు, ఓటమి నుంచి నేర్చుకొనే వినయం కావాలి. సానరాయి తాను కోయలేకపోయినా కత్తికి పదును పెట్టగలదు. రహీం జీవితం అందుకు చక్కని నిదర్శనం.