మదర్ జ్ఞానమ్మ

జ్ఞానమ్మ (1822 - 1874 డిసెంబరు 21) తెలుగు కతోలిక క్రైస్తవ సన్యాసిని సభల స్థాపకురాలు. గ్రామీణ బాలికల విద్యకు బాటలు వేసిన తొలితరం తెలుగు స్త్రీలలో ఒకరు. గృహిణిగా, తల్లిగా, వితంతువుగా జీవించి, ఆ తరువాత సేవామార్గాన్ని చేపట్టడం ఈమె జీవితంలోని ప్రత్యేకత. ఈమెను భక్తులు మదర్ జ్ఞానమ్మ అని పిలుస్తారు.

జననము, వివాహము

జ్ఞానమ్మ గుంటూరు జిల్లా ఫిరంగిపురంలో రెడ్డి కులానికి చెందిన కతోలిక కుటుంబంలో జన్మించింది. కొండవీటి కొండలకు చేరువనున్న ఈ గ్రామంలో 18వ శతాబ్దం నుండి కతోలిక సమాజం ఉంది. 1837లో, 15 ఏళ్ళ వయసులో, ఈమెకు గాలి ఇన్నయ్యరెడ్డితో వివాహం జరిగింది. ఇగ్నేషియస్ అనే పేరుకు తెలుగు రూపమే ఇన్నయ్య. ఈ దంపతులు నేటి తమిళనాడులోని తిరువళ్ళూరు జిల్లాకు చెందిన కీళచ్చేరిలో స్థిరపడ్డారు. తెలుగు సీమ నుండి వలస వెళ్ళిన కతోలిక రెడ్డి కుటుంబాలు అప్పటికే అక్కడ ఉండేవి. వీరికి ఐదుగురు కుమారులు కలిగారు. వారిలో ఇద్దరు గురువులయ్యారు.

వైధవ్యము, పాఠశాల

1859లో భర్త మరణించాడు. అప్పటికి జ్ఞానమ్మ వయసు 37 సంవత్సరాలు. వితంతు వివాహాన్ని అనుమతించే చట్టం 1856లోనే వచ్చినా, సమాజంలో వితంతువు స్థితి మారలేదు. మతం మారిన కుటుంబాలు సైతం తమ కులాచారాలను చాలావరకు కొనసాగించేవి. భర్తను కోల్పోయిన స్త్రీ ఇంటి మూలకు పరిమితం కావడమే ఆనాటి మర్యాద. జ్ఞానమ్మ ఆ మర్యాదను అంగీకరించక 1863లో కీళచ్చేరిలో బాలికలకు పాఠశాల ప్రారంభించింది.

ఆ కాలానికి ఇది సాహసమే. మద్రాసు నగరంలో ఐర్లండు నుండి 1842లో వచ్చిన ప్రెజెంటేషన్ సన్యాసినులు బాలికలకు చదువు చెబుతున్నారు. కాని పల్లెల్లో ఆడపిల్లను బడికి పంపే అలవాటు లేదు. కందుకూరి వీరేశలింగం పంతులు ధవళేశ్వరంలో బాలికల పాఠశాల స్థాపించినది 1874లో. అంటే, అంతకు 11 ఏళ్ళ ముందే ఒక తెలుగు వితంతువు ఒక పల్లెలో ఆ పని చేసింది.

సభల స్థాపన

పాఠశాల నిలవాలంటే ఉపాధ్యాయినులు కావాలి. వివాహమైన స్త్రీ ఇల్లు విడిచి బోధించడం ఆనాడు సాధ్యం కాదు. అందువల్ల ఆ పనికే జీవితాన్ని అంకితం చేసే స్త్రీల సమూహం అవసరమైంది. 1863లో కీళచ్చేరిలో మొదలైన ఈ ప్రయత్నమే పునీత అన్నమ్మ సభగా రూపొందింది. అన్నమ్మ మరియమ్మకు తల్లి; ఆమె తన కుమార్తెకు చదువు నేర్పుతున్నట్లు చిత్రించడం ఐరోపా చిత్రకళలో ఒక సంప్రదాయం. బాలికల విద్యకు పూనుకున్న ఒక తల్లి స్థాపించిన సభకు ఈ పేరు తగినదే.

జ్ఞానమ్మ స్వగ్రామమైన ఫిరంగిపురంలోని పునీత అన్నమ్మ సభ తన స్థాపనను 1874గా లెక్కిస్తుంది. కీళచ్చేరికి, ఫిరంగిపురానికి మధ్య దూరం సుమారు 400 కిలోమీటర్లు. గుంటూరు సీమను మద్రాసుతో కలిపే రైలుమార్గం ఆనాటికి లేదు. అప్పట్లో రెండు ప్రాంతాలూ మద్రాసు పీఠం కిందే ఉండేవి. తరువాత 1928లో నెల్లూరు, 1940లో గుంటూరు మేత్రాసనాలు వేరుగా ఏర్పడ్డాయి. నేడు చెన్నై, ఫిరంగిపురం సభలు రెండు వేరువేరు సభలుగా పనిచేస్తున్నాయి. రెండూ జ్ఞానమ్మనే స్థాపకురాలిగా గౌరవిస్తాయి.

మరణము, గుర్తింపు

1874 డిసెంబరు 21న, 52 ఏళ్ళ వయసులో, జ్ఞానమ్మ మరణించింది. 2014లో మద్రాసు-మైలాపూరు అగ్రపీఠం ఈమెను పునీతురాలిగా ప్రకటించే ప్రక్రియను ప్రారంభించింది. దానితో ఈమెకు దైవసేవకురాలు అనే బిరుదు లభించింది. ఇది నాలుగు మెట్లలో మొదటిది. తరువాతి మెట్లు పూజనీయురాలు, ధన్యురాలు, పునీతురాలు.

జీవిత సందేశము

జ్ఞానమ్మ వెనుక విదేశీ మఠము లేదు. సన్యాసం స్వీకరించి సేవకు రాలేదు. సేవ చేస్తూ ఉండగా సన్యాసిని సభ రూపుదిద్దుకొన్నది. కుటుంబ బాధ్యతలు సేవకు అడ్డు కావని, వైధవ్యం జీవితానికి ముగింపు కాదని ఈమె జీవితం తెలుపుతుంది. ఈమె పాఠశాల నడిపినది కేవలం 11 సంవత్సరాలు. ఆ కొద్దికాలంలో నాటిన పని 150 సంవత్సరాలు దాటిన తరువాత కూడా కొనసాగుతున్నది.