బానిసల ఓడ నడిపిన కెప్టెనే ‘అమేజింగ్ గ్రేస్’ రాశాడు.. జాన్ న్యూటన్ మారడానికి పట్టింది ఒక్క రాత్రి కాదు, 40 ఏళ్లు

చర్చికి వెళ్లే అలవాటు లేనివాళ్లు కూడా ‘అమేజింగ్ గ్రేస్’ ట్యూన్ వినగానే గుర్తుపడతారు. 2015లో అమెరికాలోని చార్లెస్టన్‌లో జరిగిన అంత్యక్రియల సభలో అప్పటి అధ్యక్షుడు బరాక్ ఒబామా పాడింది ఈ పాటే. దీన్ని రాసిన జాన్ న్యూటన్ గురించి ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. బానిసల వ్యాపారం చేసేవాడు, నడిసముద్రంలో తుపానులో చిక్కుకున్నాడు, దేవుణ్ని తలుచుకున్నాడు, ఒడ్డుకు చేరగానే అన్నీ వదిలేసి పాట రాశాడు.. అని. వినడానికి బాగానే ఉంటుంది కానీ జరిగింది అలా కాదు.

న్యూటన్ 1725లో లండన్‌లో పుట్టాడు. తండ్రి ఓడ కెప్టెన్. భక్తిపరురాలైన తల్లి పిల్లాడికి చిన్నప్పుడే బైబిల్ నేర్పింది. ఏడేళ్లు నిండకముందే ఆమె క్షయతో చనిపోయింది. 11 ఏళ్లకే తండ్రితో పాటు ఓడ ఎక్కాడు. 1744లో బ్రిటిష్ నౌకాదళం వాళ్లు బలవంతంగా పట్టుకెళ్లి ‘హార్విచ్’ అనే యుద్ధనౌకలో పెట్టారు. అక్కడి నుంచి పారిపోబోయి దొరికిపోయాడు. అందరి ముందు కొరడా దెబ్బలు కొట్టి, హోదా తీసేసి మామూలు నావికుణ్ని చేశారు.

ఆ తర్వాత పశ్చిమ ఆఫ్రికా తీరంలో ఒక బానిసల వ్యాపారి దగ్గర పనికి చేరాడు. అక్కడ అతని బతుకే బానిస బతుకైంది. జ్వరం, ఆకలి, ఒంటి మీద సరైన బట్ట లేదు. ఆ స్థితిలో కూడా దగ్గరున్న యూక్లిడ్ గణితం పుస్తకం చూసి, ఇసుకలో కర్రతో బొమ్మలు గీసుకుంటూ నేర్చుకున్నాడట. దేవుడి మీద మాత్రం నమ్మకం పూర్తిగా పోయింది. నోరు తెరిస్తే బూతులు, దైవదూషణ. నావికుల నోళ్లు ఎలా ఉంటాయో తెలిసిందే, వాళ్లే చెవులు మూసుకునేంతగా తిట్టేవాడు. పక్కవాళ్ల నమ్మకాన్ని చెడగొట్టడం ఒక సరదా.

కొడుకును వెతికి తెమ్మని తండ్రి చెప్పి పంపడంతో ‘గ్రేహౌండ్’ అనే ఓడ వచ్చి అతణ్ని ఎక్కించుకుంది. 1748 మార్చిలో ఆ ఓడ ఉత్తర అట్లాంటిక్‌లో పెద్ద తుపానులో చిక్కుకుంది. అర్ధరాత్రి నిద్రలో ఉండగానే న్యూటన్ గదిలోకి నీళ్లు వచ్చేశాయి. పైకి పరిగెడుతుంటే కెప్టెన్ ఆపి, కత్తి ఒకటి తెమ్మన్నాడు. దానికోసం వెనక్కి తిరిగాడు. ఈలోగా తన బదులు పైకి వెళ్లిన మనిషిని అల ఊడ్చుకుపోయింది. తెల్లవారుజామున మూడింటి నుంచి దాదాపు మధ్యాహ్నం దాకా పంపు కొట్టాడు. తర్వాత చుక్కాని పట్టుకుని అర్ధరాత్రి వరకు నిలబడ్డాడు. ఓడలో ఉన్న సరుకు తేనెమైనం, తేలికరకం కలప కావడంతో పగిలిన ఓడ మునగకుండా తేలింది. మధ్యలో ఎప్పుడో నోటి నుంచి దేవా కనికరించు అన్న అర్థంలో ఒక మాట అలవాటుగా జారింది. అన్నాక తనకే అనుమానం వచ్చింది, ఇన్నాళ్లు తిట్టిన నన్ను దేవుడు ఎందుకు కనికరిస్తాడు అని. కెప్టెన్‌కైతే ఈ గొడవంతా న్యూటన్ వల్లే అనిపించింది, ఓడలో యోనా ఉన్నాడనే అనుకున్నాడు. నాలుగు వారాలు కొట్టుకుని, తిండి అయిపోయే వేళకు ఐర్లాండ్ తీరం చేరారు.

బూతులు మాత్రం ఆ తుపానుతోనే పోయాయి. మళ్లీ తిట్టలేదు. మిగతావి పోలేదు.

కొన్ని నెలల్లోనే ‘బ్రౌన్‌లో’ అనే బానిసల ఓడలో మేట్‌గా మళ్లీ ఆఫ్రికా వెళ్లాడు. ప్రార్థన తగ్గింది. బైబిల్ పక్కకు పోయింది. పాత తీరం, పాత సావాసం, పాత పాపాలు. తుపానులో చేసిన ప్రమాణం ఏడాది కూడా నిలవలేదన్నమాట. తీవ్రమైన జ్వరంతో మంచాన పడ్డాక ఓ రోజు లేవలేని ఒంటితో ఒక ఏకాంత చోటుకు వెళ్లి మళ్లీ దేవుడి ముందు మోకరించాడు. ఈసారి తన సొంత బలం మీద ప్రమాణాలేమీ చేయలేదు, నీ ఇష్టం అని వదిలేశాడు. అప్పటి నుంచి అంత కిందికి జారలేదని తర్వాత తనే రాసుకున్నాడు.

అయితే అసలు చిక్కు ఇక్కడే ఉంది. 1750లో ఎన్నో ఏళ్లుగా ప్రేమించిన మేరీని పెళ్లి చేసుకున్నాడు. అదే ఏడాది బానిసల ఓడకు కెప్టెన్ అయ్యాడు. 1754 దాకా మూడు ప్రయాణాలు. ఆదివారం వచ్చిందంటే నావికులను కూర్చోబెట్టి ప్రార్థన చేయించేవాడు. కింద అరల్లో గొలుసులతో మనుషులు. చనిపోయిన బానిసలను సముద్రంలో వేసినప్పుడు ఓడ పుస్తకంలో పేర్లు ఉండవు, నంబర్లు ఉంటాయి. తిరుగుబాటుకు కుట్ర చేశారన్న అనుమానంతో కుర్రాళ్ల బొటనవేళ్లకు ఇనుప మరలు బిగించిన సంగతి కూడా ఆయన చేత్తోనే రాసి ఉంది. అది పాపమని అప్పట్లో తనకు ఎవరూ చెప్పలేదని, అందరూ దాన్ని గౌరవమైన ఉద్యోగంగానే చూశారని ఆయన తర్వాత వివరించాడు. అది నిజమే కావచ్చు. కానీ కింద అరల్లోంచి వచ్చే మూలుగులు వినబడకుండా ఉంటాయా?

ఆ పని ఆయన మానలేదు, ఒళ్లు మాన్పించింది. 1754 నవంబరులో, ఇంకో రెండు రోజుల్లో ఓడ బయల్దేరాలి. భార్యతో కూర్చుని టీ తాగుతుండగా ఒక్కసారిగా మూర్ఛ వచ్చింది. డాక్టర్లు ప్రయాణం వద్దన్నారు. తర్వాత లివర్‌పూల్ రేవులో కస్టమ్స్ ఉద్యోగం చేస్తూ గ్రీకు, హీబ్రూ నేర్చుకున్నాడు. పాస్టర్‌గా తీసుకోమని ఎన్నిసార్లు అడిగినా చర్చి పెద్దలు కాదన్నారు. 1764లో గానీ ఒప్పుకోలేదు. ఓల్నీ అనే చిన్న ఊరికి పంపారు. మన నర్సాపురంలో లాగా లేసు అల్లుకుని బతికే పేదలు ఎక్కువ అక్కడ. 1773 జనవరి 1న దినవృత్తాంతములు మొదటి గ్రంథం 17వ అధ్యాయం మీద చెప్పిన ప్రసంగం కోసం రాసిన కీర్తనే ఈ పాట. తుపాను జరిగి అప్పటికి 25 ఏళ్లు. ఇప్పుడు మనం వినే ట్యూన్ దానికి ఆయన చనిపోయాక ఎప్పుడో అమెరికాలో కలిసింది.

పాట రాసేనాటికి కూడా బానిసల వ్యాపారాన్ని బయటికి ఖండించలేదు.

1785 డిసెంబరులో విలియం విల్బర్‌ఫోర్స్ అనే యువ ఎంపీ లండన్‌లో ఆయన్ను రహస్యంగా కలిశాడు. కొత్తగా భక్తిలోకి వచ్చిన ఆ కుర్రాడు రాజకీయాలు వదిలేద్దామా అనే ఆలోచనలో ఉన్నాడు. వదలొద్దు, పార్లమెంటులోనే ఉండి పని చెయ్యమని న్యూటన్ నచ్చజెప్పాడు. తర్వాత ఆ ఎంపీయే బానిసల వ్యాపారం మీద పోరాటం మొదలుపెట్టాడు. 1788లో న్యూటన్ కూడా నోరు విప్పాడు. ఓడ దిగిన 34 ఏళ్లకు! తాను చూసింది, తాను చేసింది ఒక చిన్న పుస్తకంగా అచ్చు వేయించాడు. అందులో తనను తాను వెనకేసుకు రాలేదు, ఆలస్యంగా వచ్చిన ఒప్పుకోలు అనే చెప్పాడు. ప్రతులు పార్లమెంటు సభ్యులకు అందాయి. తర్వాత విచారణ కమిటీల ముందు సాక్ష్యం కూడా చెప్పాడు. వాదించేవాళ్లు చాలామంది ఉన్నా, బానిసల ఓడకు కెప్టెన్‌గా చేసి వచ్చి చెప్పే పాస్టర్ మాట వేరు కదా.

తుపాను రోజును ఆయన ఏటా ప్రత్యేకంగా గుర్తు చేసుకునేవాడు. కొత్త క్యాలెండర్ లెక్కలో అది మార్చి 21. చూపు దాదాపు పోయిన వయసులో, 1805లో కూడా డైరీలో ఆ తేదీ కింద రాసుకున్నాడు. 1807 మార్చి 25న బానిసల వ్యాపారాన్ని నిషేధించే బ్రిటిష్ చట్టానికి రాజముద్ర పడింది. అదే ఏడాది డిసెంబరు 21న, 82 ఏళ్ల వయసులో న్యూటన్ చనిపోయాడు. సమాధి మీద ఏం చెక్కాలో ముందే తనే రాసిపెట్టాడు. అందులో పాస్టర్ అన్న మాటతో పాటు, ఒకప్పుడు దేవుణ్ని నమ్మనివాడు, ఆఫ్రికాలో బానిసలకు పనివాడు అన్న సంగతి కూడా దాచకుండా చేర్చాడు.