వరుసలో కడపటి పిల్ల - జోసఫిన్ బేకర్

మిస్సిసీపీ నదికి పడమటి ఒడ్డున సెయింట్ లూయీ నగరం. 1906వ సంవత్సరం జూన్ 3వ తేదీన అక్కడ, ఊరివారి బట్టలుతికి పొట్టపోసుకొనే కారీ మెక్‌డోనల్డ్ అనే నల్లజాతి యువతికి ఒక ఆడపిల్ల కలిగినది. ఫ్రీడా జోసఫిన్ అని పేరు పెట్టినారు. తండ్రి ఎవరన్న విషయంలో చరిత్రకారులకు నేటికిని ఏకాభిప్రాయం లేదు. పిల్లకు ఎనిమిదేండ్లు వచ్చేసరికే పరాయి యిండ్లలో పనికి కుదిర్చినారు. సబ్బు ఎక్కువ వాడినదన్న నేరానికి ఒక యజమానురాలు తన చేతులను కాల్చినదని ఆమె పెద్దయిన పిమ్మట చెప్పుకొన్నది.

1917 జూలైలో నదికి ఆవలనున్న ఈస్ట్ సెయింట్ లూయీలో దారుణమైన అల్లర్లు జరిగినవి. శ్వేతజాతి మూకలు నల్లవారి యిండ్లకు నిప్పుపెట్టి, పారిపోయేవారిని వెంటాడి చంపినవి. ప్రాణాలు దక్కించుకొన్నవారు మూటాముల్లెతో వంతెన దాటి ఈవలి ఒడ్డుకు చేరినారు. ఆనాటికి జోసఫిన్‌కు పదకొండేండ్లు. ఈ ఘట్టాన్ని ఆమె జీవితమంతా చెబుతూనే వచ్చినది. చెప్పినప్పుడెల్ల చిలవలు పలవలు చేర్చినది. కొన్ని సార్లు తాను ఆ మంటల నడుమనే ఉన్నట్లు వర్ణించినది. వాస్తవాన్ని తూచి చూచే చరిత్రకారులకు ఇది విసుగు కలిగించవచ్చును. కాని వంతెనకు ఈవల నిలిచి చూచిన పిల్ల, తాను ఆవలనే ఉన్నట్లు భావించుకొన్నదంటే, అందులో అబద్ధంకంటె బాధ పాలే ఎక్కువ.

పదమూడవయేట ఒక పెండ్లి జరిగినది, నిలువలేదు. పదునైదవయేట మరొకటి, అదియు నిలువలేదు గాని, ఆ రెండవ భర్త యింటిపేరైన బేకర్ మాత్రం ఆమె వెంట కడదాక వచ్చినది.

ఆ రోజులలో నోబుల్ సిసిల్, యూబీ బ్లేక్ అనే ఇరువురు నల్లజాతి కళాకారులు కూర్చిన 'షఫుల్ ఎలాంగ్' అనే సంగీత నాటకం న్యూయార్కును ఊపివేయుచుండెను. జోసఫిన్ అందులో చేరబోయినది. వయస్సు చాలదన్నారు, బక్కపలుచగా ఉన్నదన్నారు, మేనిఛాయ మరీ నలుపన్నారు. నల్లవారి నాటకంలోనే నలుపు ఎక్కువయినదన్న మాట వినవలసివచ్చిన ఆ పిల్ల తిరిగిపోలేదు. నర్తకీమణులకు దుస్తులు తొడిగే కొలువులో కుదిరి, తెరచాటున నిలిచి ఆటపాటలన్నీ వంటబట్టించుకొన్నది. వరుసలోని ఒక పిల్ల రాలేకపోయిన అదను చూచి ఆ చోటున నిలిచినది. వరుసలో కడపటి పిల్లది హాస్యపాత్ర. అడుగులు మరచినట్లు తడబడి, కనుగ్రుడ్లు త్రిప్పి, మోకాళ్లు ముడివేసి, చివరకు అందరికంటె చక్కగా ఆడి చూపవలెను. ఈ పనిలో జోసఫిన్‌కు సాటి ఎవరును లేకపోయిరి. జనం ముందువరుస నాయికను వదలి చివరి పిల్లనే చూడసాగినారు.

1925లో పారిస్ నగరానికి ఒక నల్లజాతి నాట్యబృందాన్ని తీసికొనిపోయే ప్రయత్నం జరిగినది. అందులో చేరి ఆమె ఓడ ఎక్కినది. అక్టోబరు 2వ తేదీన షాంజెలిజే నాటకశాలలో తెర లేచినది. పందొమ్మిదేండ్ల బేకర్, ఒంటిపై పక్షి యీకలు తప్ప వేరు ఆచ్ఛాదన లేనట్లు ప్రవేశించి ఆడిన ఆటవిక నృత్యం ఆ రాత్రితో ఆమెను ప్రసిద్ధురాలిని చేసినది. మరుసటి సంవత్సరం ఫోలీ బెర్జేర్ వేదికపై ఆమె నడుముచుట్టు గుడ్డ అరటిపండ్లు వ్రేలాడగట్టుకొని నర్తించినది. ఆ అరటిపండ్ల మొలనూలు ఆమె కీర్తికి చిహ్నమై, చచ్చినను విడువని సంకెల కూడ అయినది.

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. ఆఫ్రికాను ఆమె ఎన్నడును చూచియుండలేదు. ఆమె ఆడినది ఆఫ్రికా నాట్యమూ కాదు. వలసరాజ్యాలు ఏలుచున్న ఐరోపావారు తమ ఊహలో కట్టుకొన్న అడవిని ఆమె వారి యెదుట నిలిపినది. ఇది జాతికి అవమానమని ఆనాడే అన్నవారున్నారు, నేటికిని అనేవారున్నారు. ఆ మాటను తేలికగా త్రోసిపుచ్చజాలము. కాని వరుసలో చివర నిలిచి, తడబడినట్లు నటించి గెలిచిన పిల్ల విద్యయే ఇదియును. కనుగ్రుడ్లు త్రిప్పుచున్నంతసేపు ఆమె చూపరుల ఊహను చూచి నవ్వుచున్నదేమో అన్న శంక ఆ కాలపు చలనచిత్రపు ముక్కలు చూచినవారికి కలుగకపోదు. నా మట్టుకు నేను ఆ శంకనే నమ్ముదును.

పెపీతో అబతీనో అనే సిసిలీవాడు ఆమెకు కార్యకర్తయై, ప్రియుడై, గురువై పదేండ్లు వెంట నడచినాడు. నాట్యంతో వచ్చిన పేరు నాట్యంతోనే పోవునని అతడు గుర్తించినాడు. ఆమెకు భాష నేర్పించి, గాత్రానికి శిక్షణ యిప్పించినాడు. మొదట ఆమె గొంతు సన్నము, బలహీనము. 1930లో కాసినో ద పారిస్ వేదికపై వేన్సాన్ స్కొట్టో కూర్చిన 'జే ద్యూజామూర్' అనే పాటను ఆమె పాడగా, అరటిపండ్ల నర్తకి కాస్త గాయని అయినది. రెండు ప్రేమలను గూర్చిన ఆ పాటను ఆమె తర్వాత నలుబదియైదేండ్లు పాడుచునే ఉన్నది. 1934లో ఓఫెన్‌బాక్ సంగీత రూపకం 'లా క్రియోల్'లో నాయిక పాత్ర ధరించినది. అంతకు ముందే 1927లో మూకీ చిత్రంలో నటించినది. 1934లో జాఁ గాబేన్ సరసన 'జూజూ', మరుసటి యేడు 'ప్రిన్సెస్ తామ్ తామ్' వెలువడినవి. ఈ చిత్రాలలో ఒక చిత్రమున్నది: నాయిక ఆమెయే, ప్రేక్షకులు వచ్చినది ఆమె కొరకే, అయినను కథ ముగియునప్పటికి నాయకుడు మాత్రం మరొకరి వాడగును. నల్లపిల్ల పాడి మెప్పించవచ్చును గాని, తెల్లవాని చేయిపట్టుకొని తెరమీద నిలువరాదు.

ఆమె తప్పులు చేయలేదని కాదు. 1935లో ఇటలీ అబిసీనియాపై దండెత్తినపుడు ముస్సోలినీని సమర్థిస్తూ మాట్లాడినది. అది ఆమె జీవితంలో చెరగని మచ్చ. 1936లో కన్నదేశంలో పేరు తెచ్చుకొనవలెనని న్యూయార్కు జీగ్‌ఫెల్డ్ ఫోలీస్‌లో ఆడగా విమర్శకులు చీల్చి చెండాడినారు. ఆ యేడే అబతీనో మరణించినాడు. ఆమె పారిస్ తిరిగి వచ్చి, 1937లో జాఁ లియోన్ అనే యూదు వర్తకుని పెండ్లాడి, ఫ్రెంచి పౌరసత్వం స్వీకరించినది.

యుద్ధం వచ్చినది. 1939లో ఫ్రెంచి సైనిక గూఢచారి శాఖకు చెందిన జాక్ ఆప్తే ఆమెను కలిసికొన్నాడు. ఆటగత్తెలను నమ్మరాదన్న శంకతోనే అతడు వచ్చినాడంటారు. ఆమె అంగీకరించినది. రాయబారుల విందులలో ఎవరు ఏమి మాట్లాడుచున్నారో వినుట, విని చేరవేయుట ఆమె పని. అందమైన స్త్రీ తమ మాటలకు తలయూచుచుండగా దొరలు గొంతు తగ్గించరు గదా! జర్మనులు పారిస్‌ను ఆక్రమించిన పిమ్మట ఆ నగరంలో పాడనని తప్పుకొని, దోర్దోన్ ప్రాంతంలోని మిలాంద్ కోటలో తలదాచుకొన్నది. 1940 చివర కచేరీలకు పోవుచున్నట్లు లిస్బన్ ప్రయాణం కట్టినది. ఆప్తే ఆమె కార్యదర్శి వేషంలో వెంట ఉన్నాడు. సంగీతపు కాగితాలపై స్వరాల నడుమ కంటికి కనబడని సిరాతో శత్రుసేనల సమాచారం వ్రాయబడియున్నది. సరిహద్దులలో అధికారులు ఆమె సంతకం కోరినారే గాని పెట్టెలు సోదా చేయలేదు. పదునైదేండ్లుగా కూడబెట్టిన కీర్తికి ఇంతకంటె మంచి వినియోగం ఉండదు.

పిమ్మట ఆమె మొరాకో చేరినది. 1941లో కాసాబ్లాంకాలో తీవ్రమైన జబ్బు చేసి, శస్త్రచికిత్సల నడుమ ఏడాదిన్నర మంచానబడినది. చనిపోయినదని పత్రికలలో వార్త కూడ వచ్చినది. ఆ రోగశయ్య చుట్టునే రహస్య సమావేశాలు జరిగినవి. రోగిని చూడవచ్చినవారిని ఎవరు అనుమానింతురు? 1942 నవంబరులో అమెరికన్ సేనలు దిగిన పిమ్మట ఆమె లేచి, ఉత్తరాఫ్రికా ఎడారులలో సైనికుల కొరకు ప్రతిఫలం లేక పాడినది. ఫ్రెంచి వాయుసేన మహిళా విభాగంలో సబ్ లెఫ్టినెంటు హోదా లభించినది. 1946లో ప్రతిఘటనోద్యమ పతకం వచ్చినది. యుద్ధకాలపు క్రా ద గేర్, లీజియన్ ఆఫ్ ఆనర్ మాత్రం 1961లో గాని ఆమె రొమ్మున అలంకరించబడలేదు.

1947లో వాద్యబృంద నాయకుడు జో బూయాన్‌ను పెండ్లాడి, మిలాంద్ కోటను కొన్నది.

1951లో మరల అమెరికా. ఈసారి ఆమె షరతు పెట్టినది: నల్లవారిని ప్రేక్షకులుగా రానీయని చోట పాడనని. మయామీ నగరపు కోపా సిటీ వేదిక లొంగివచ్చినది. జనం విరగబడినారు. మే 20న హార్లెం వీధులలో ఆమె పేర ఉత్సవం జరిగినది. అక్టోబరులో న్యూయార్కు స్టార్క్ క్లబ్బునకు మిత్రులతో భోజనానికి పోగా, అడిగిన వంటకం గంటసేపైనను రాలేదు. ఆమె లేచి పోయి బహిరంగంగా ఫిర్యాదు చేసినది. ఆనాటి పత్రికాలోకాన్ని శాసించుచున్న వాల్టర్ విన్చెల్ ఆమెపై కలం దూసినాడు, కమ్యూనిస్టు అన్నాడు. ఆ మాట ఆ దేశంలో ఆ యేడు ఉరిత్రాటితో సమానం. ఒప్పందాలు రద్దయినవి. భోజనం రాకున్న మౌనంగా ఇంటికి పోయియున్నచో ఆమెకు లక్షల డాలర్లు దక్కెడివి.

1954 నుండి ఆమె మరొక వ్రతం పూనినది. జపాను, ఫిన్లాండు, కొలంబియా, అల్జీరియా, ఐవరీ కోస్టు, వెనెజ్యులా మొదలగు దేశాలనుండి పిల్లలను దత్తత తీసికొన్నది. పదిమంది మగపిల్లలు, ఇద్దరు ఆడపిల్లలు. ఇంద్రధనుస్సు కుటుంబమని పేరు. వేరువేరు రంగుల పిల్లలు ఒక పంక్తిలో కూర్చుని భోంచేయగలరని లోకానికి చూపుట ఆమె సంకల్పం. సంకల్పం గొప్పదే, కాని చూపుట అన్న మాటలోనే చిక్కున్నది. కోటలో హోటలు, నాటకశాల, తన జీవితఘట్టాల మైనపుబొమ్మల ప్రదర్శన నెలకొల్పి, యాత్రికులను రప్పించినది. పిల్లలు ఆడుకొనుటను కూడ ఆ యాత్రికులు చూచిపోవుచుండిరి. తల్లియేమో వారి పోషణకై ఊరూరా పాడుచు తిరుగవలసి వచ్చినది. పన్నెండుగురు బిడ్డలకు ఆమె లోకాన్ని ఇచ్చినది; సమయం ఇవ్వలేకపోయినది.

ఆదాయంకంటె వ్యయం మించినది. భర్త దూరమైనాడు. 1956లో ఒలింపియా వేదికపై వీడ్కోలు కచేరీ చేసినది గాని, అప్పులవారు వీడ్కోలు చెప్పలేదు. 1959లో మరల రంగమెక్కినది. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్ మహాప్రదర్శనలో, స్వేచ్ఛా ఫ్రాన్సు సైనికదుస్తులు ధరించి, పతకాలన్నీ తగిలించుకొని ప్రసంగించినది. మార్టిన్ లూథర్ కింగ్ మాట్లాడిన సభయే అది. అరటిపండ్ల మొలనూలుతో లోకమెరిగిన స్త్రీ కన్నదేశం ముందు ఏ దుస్తులలో నిలిచినదో గమనింపదగును.

1968లో కోట వేలమైనది. 1969 మార్చిలో ఆమెను బలవంతంగా వెలుపలికి పంపినారు. తలకు టోపీ, ఒంటికి దుప్పటితో వంటయింటి మెట్లమీద కూర్చున్న ఆమె చిత్రం పత్రికలకెక్కినది. మొనాకో రాణి గ్రేస్ ఆదుకొనగా, సమీపాన రోక్‌బ్రూన్‌లో పిల్లలతో తలదాచుకొనుటకు ఒక ఇల్లు ఏర్పడినది.

1973లో న్యూయార్కు కార్నెగీ హాలులో ఆమె అడుగిడగానే, ఇంకను పాట ఎత్తుకొనకముందే, సభ అంతయు లేచి నిలిచినది. ఆమె కన్నీరు పెట్టుకొన్నది. అరువదియేడేండ్ల వయస్సున ఆ నగరం ఆమెను అంగీకరించినది.

1975 ఏప్రిల్ 8వ తేదీన పారిస్ బొబీనో నాటకశాలలో ఆమె యాభైయేండ్ల రంగస్థల జీవితాన్ని తిరిగి చూపు ప్రదర్శన ప్రారంభమైనది. గ్రేస్ రాణి, సోఫియా లోరెన్ ప్రేక్షకులలో ఉన్నారు. అరువదియెనిమిదేండ్ల వృద్ధురాలు ఒకటి వెనుక ఒకటిగా దుస్తులు మార్చుకొని రాత్రంతా పాడినది. పత్రికలు ముక్తకంఠంతో పొగడినవి. రెండునాళ్లకు ఆమె మంచంమీద స్పృహలేక పడియుండగా కనుగొన్నారు. చుట్టును ఆ ప్రశంసల పత్రికలు పరచియున్నవి. మెదడులో రక్తస్రావం. ఏప్రిల్ 12న ప్రాణం పోయినది. మాదలేన్ చర్చిలో సైనిక మర్యాదలతో అంత్యప్రార్థన జరుగగా, వీధులలో వేలాది జనం నిలిచినారు. మొనాకోలో సమాధి చేసినారు.

2021 నవంబరు 30న ఫ్రెంచి ప్రభుత్వం పాంథియన్ మందిరంలో ఆమెకు స్థానం కల్పించినది. ఆ గౌరవం పొందిన నల్లజాతి స్త్రీలలో ఆమెయే మొదటిది. కుటుంబం కోరికపై అస్థికలను మొనాకోనుండి కదల్పలేదు. లోనికి మోసికొనిపోయిన శవపేటికలో ఉన్నది పిడికెడు పిడికెడు మన్ను - సెయింట్ లూయీది, పారిస్‌ది, మిలాంద్‌ది, మొనాకోది.