కెప్లర్ కన్న చంద్రలోకపు కల

1620వ సంవత్సరం ఆగస్టు 7వ తేదీన, ఇంకా తెల్లవారకముందే, జర్మనీలోని వుర్టెంబర్గు సంస్థానంలో హోయ్‌మాడెన్ అనే పల్లెలో ఒక పాదిరీ ఇంటికి రాజభటులు వచ్చినారు. ఆ ఇంట కుమార్తెవద్ద ఉంటున్న ఒక వృద్ధురాలిని బట్టల పెట్టెలో ఉంచి, ఇరుగుపొరుగువారి కంట పడకుండా మోసికొనిపోయినారు. ఆమెకు డెబ్బది యేండ్లు దాటినవి. ఆమెపై మోపిన నేరం మంత్రగత్తె అని. ఆ కాలపు ఐరోపాలో ఆ నేరానికి శిక్ష అగ్నిప్రవేశమే. ఆమె పేరు కతరీనా. గ్రహగతుల రహస్యాన్ని లోకానికి వెల్లడించిన యోహానెస్ కెప్లర్ ఆమె పెద్ద కుమారుడు.

కెప్లర్ 1571 డిసెంబరు 27న వైల్ డెర్ స్టాట్ అనే చిన్న పట్టణంలో నెలలు నిండకుండానే పుట్టినాడు. తండ్రి కూలికి యుద్ధాలు చేసే సిపాయి. ఇల్లు విడిచి పోయి తుదకు తిరిగి రానేలేదు. పసితనాన సోకిన మశూచి పిల్లవాని చూపును, చేతులను దెబ్బతీసినది. చూపు మందగించినవాడే ఆకాశాన్ని చదివినాడన్నది చిత్రం. 1577లో గొప్ప తోకచుక్క కనిపించినప్పుడు దానిని చూపించడానికి కుమారుని ఎత్తైన చోటికి తీసుకొనిపోయినది తల్లియే. ఆమెకు చదువు రాదు. కాని ఆకులు, వేళ్ళు, కషాయాలు ఆమెకు తెలుసు. జబ్బు చేసినవారికి ఇంటి మందు ఇవ్వడం ఆమెకు అలవాటు.

ట్యూబింగెన్ విశ్వవిద్యాలయంలో మేస్ట్లిన్ అనే ఆచార్యుడు కోపర్నికస్ సిద్ధాంతాన్ని కెప్లర్‌కు బోధించినాడు. భూమి తిరుగుతూ ఉంటే మనకు తెలియదేమి? ఈ ప్రశ్నకు జవాబుగా విద్యార్థి కెప్లర్‌కు ఒక ఊహ తోచినది. చంద్రునిపై నిలిచి చూచేవానికి చంద్రుడు కదలనట్లే, భూమి తిరిగినట్లే కనిపిస్తుంది కదా! 1593లో ఆ విషయమై ఒక వ్యాసం వ్రాసినాడు. దానిపై సభలో చర్చ జరగడానికి మరొక ఆచార్యుడు ఒప్పుకొనలేదు. వ్యాసం మూలబడినది, ఊహ మాత్రం మూలబడలేదు.

అటుపై గ్రాజ్ పట్టణంలో గణితోపాధ్యాయుడుగా పని చేసి, 1600లో ప్రాగ్ నగరానికి పోయి టైకో బ్రాహీ కొలువులో చేరినాడు. మరుసటి యేడే టైకో మరణించగా అతని స్థానంలో రాజగణితజ్ఞుడైనాడు. టైకో వదలిపెట్టిన అంగారక గ్రహపు కొలతలతో యేండ్ల తరబడి కుస్తీ పట్టి, గ్రహాలు వృత్తాలలో కాక దీర్ఘవృత్తాలలో తిరుగుతున్నవని 1609లో ప్రకటించినాడు. ఈ కథ పాఠ్యపుస్తకాలలో ఉన్నదే.

అదే 1609లో అతడు వ్రాసిన మరొక గ్రంథాన్ని గురించి పాఠ్యపుస్తకాలు సామాన్యంగా చెప్పవు. దాని పేరు సోమ్నియం. లాటినులో కల అని అర్థం. విద్యార్థిదశనాటి వ్యాసానికి అతడు తొడిగిన కొత్త చొక్కా అది. మన కాశీమజిలీ కథలు చదివినవారికి దాని ధోరణి కొత్తగా తోచదు. ఐస్‌లాండులో డురకోటస్ అనే బాలుడు. అతని తల్లి ఫియోల్క్‌షిల్డా మూలికలు ఏరి, సంచులలో కట్టి, నావికులకు అమ్ముతుంది. ఒకనాడు కొడుకు కుతూహలం కొద్దీ ఒక సంచిని కోసినాడు. తల్లి కోపించి వానినే ఓడ నాయకునికి అప్పగించినది. అతడు పిల్లవానిని టైకో ఉండే హ్వేన్ దీవిలో దించిపోయినాడు. అక్కడ ఖగోళవిద్య నేర్చి డురకోటస్ కొన్నేండ్లకు ఇల్లు చేరినాడు. తల్లి సంతోషించి, తాను ఎరిగిన విద్యను బయట పెట్టినది. నాలుగు దారులు కలిసిన చోట ఒక భూతాన్ని పిలిచి, దాని నోట చంద్రలోకపు ముచ్చట్లు చెప్పించినది.

మంత్రం ఇంతవరకే. భూతం నోరు విప్పినది మొదలు చెప్పేదంతా శాస్త్రమే. చంద్రుడు యాభైవేల జర్మను మైళ్ళ దూరాన ఉన్నాడట. జర్మను మైలు ఏడు కిలోమీటర్లకు పైమాట. గుణించి చూస్తే నేటి లెక్కకు ఎంతో దూరం కాదు. గ్రహణవేళ, భూమి నీడలోనే పయనం. ఫిరంగినుండి గుండు వెడలినట్లు మనిషిని పైకి విసరుతారు గనుక ముందే నల్లమందు ఇచ్చి నిద్రపుచ్చాలి. అదురుకు అవయవాలు విడిపోకుండా ఒళ్ళు సర్దిపెట్టాలి. పైన చలి, ఊపిరి ఆడదు. ముక్కులవద్ద తడి స్పంజి పెట్టాలి. భూమి ఆకర్షణ, చంద్రుని ఆకర్షణ సరితూగిన చోట ఇక తోసేపని లేదు, దేహం తనంత తానే పోతుంది. విమానమే లేని కాలంలో ఈ ప్రయాణవైద్యాన్ని తలపోసినవాని బుద్ధిని ఏమనాలి!

చంద్రునిపై పగలు మన పద్నాలుగు దినాలు, రాత్రి పద్నాలుగు. ఇటువైపు వారికి భూమి ఆకాశంలో ఒకే చోట వేలాడుతూ గిర్రున తిరుగుతుంది. మన చంద్రునికన్న వెడల్పున దాదాపు నాలుగింతలు. అటువైపు వారు దానిని ఎన్నడూ చూడరు. ఇంతలో గాలివాన చప్పుడుకు కల చెదిరిపోతుంది.

ఈ గ్రంథపు వ్రాతప్రతి ఒకటి 1611లో ప్రాగ్ దాటి పోయినది. అది చేతులు మారి ట్యూబింగెన్ చేరినదనీ, మూలికలమ్మే మంత్రగత్తెలో చదివినవారు తన తల్లిని చూచినారనీ కెప్లర్ తరువాత బాధపడినాడు. నేటి చరిత్రకారులు పలువురు దీనిని అంగీకరించరు. ఇరుగుపొరుగుల తగవులు, ఊరి అధికారి పగ చాలునంటారు. అదే నిజం కావచ్చు. కాని ఆ అనుమానం కొడుకును జీవితాంతం వదలలేదు.

1615లో లియోన్‌బెర్గులో అద్దాల పనివాని భార్య ఒకతె, కతరీనా ఇచ్చిన చేదు పానీయంవల్లనే తనకు జబ్బు చేసినదని నింద వేసినది. ఇక ఊరివారందరికీ పాత నొప్పులు గుర్తుకు వచ్చినవి. కాలు పడిపోయిన బడిపంతులు ఒకడు, చేయి నొప్పి పుట్టిన పిల్ల ఒకతె, ఇట్లు పట్టిక పెరిగినది. ముసలమ్మ తన తెలివితక్కువతో దానికి మరికొంత చేర్చినది. తండ్రి పుఱ్ఱెను త్రవ్వి ఇమ్మని కాటికాపరిని అడిగినది; వెండి కట్టించి కుమారునికి పానపాత్రగా ఇవ్వాలని. అభియోగాన్ని ఆపుమని అధికారికి వెండి గిన్నె ఇవ్వబోయినది.

ఆమెను చెరపట్టినారని తెలిసి కెప్లర్ లింజ్ నగరాన్ని విడిచి వచ్చి తానే వాదం నడిపినాడు. అంగారకుని కొలతలను పరీక్షించినట్లే సాక్ష్యాలను ఒక్కొక్కటిగా పరీక్షించినాడు. పంతులు కాలు పడిపోయినది కాలువ దూకినప్పుడు. పిల్ల చేయి నొచ్చినది ఇటుకలు మోసినందువల్ల. తుది వాదపత్రం 128 పుటలు. మంత్రగత్తెలు లేరని మాత్రం అతడు వాదించలేదు. ఆ మాట ఆనాడు తల్లిని రక్షించేది కాదు. అతనికే ఆ నమ్మకం ఉండినదో లేదో. తన తల్లి మంత్రగత్తె కాదని, జబ్బులకు కారణాలు వేరే ఉన్నవని మాత్రమే నిరూపించినాడు.

పదునాలుగు నెలలు ఆమె సంకెళ్ళలో ఉన్నది. 1621 సెప్టెంబరు 28న హింసాయంత్రాల ముందు నిలిపి బెదిరించినారు. ఆమె లొంగలేదు. విడుదలై 1622 ఏప్రిల్‌లో కన్ను మూసినది.

ఆ యేడు మొదలు తన మరణందాకా కెప్లర్ సోమ్నియానికి వివరణలు వ్రాస్తూనే ఉన్నాడు. అవి 223 అయినవి. అసలు కథకన్న అవే పెద్దవి. అచ్చు పూర్తి కాకముందే, 1630 నవంబరు 15న, రేగెన్స్‌బర్గులో మరణించినాడు. ముప్పైయేండ్ల యుద్ధంలో అతని సమాధి కూడ మిగలలేదు. అచ్చుపని చేపట్టిన అల్లుడు బార్ట్‌ష్ కూడ మధ్యలోనే చనిపోయినాడు. అప్పుడు కెప్లర్ వితంతువు, చేత చిల్లిగవ్వ లేక, పిల్లలను వెంటబెట్టుకొని పెద్దకొడుకు లూడ్విగ్‌వద్దకు వచ్చినది. అతడు వైద్యుడు. ముట్టిన ఇద్దరూ మరణించిన పుస్తకమని మొదట జంకినాడు. అయినా 1634లో అచ్చు వేయించినాడు.