చిగుళ్ల లోతు కొలిచే చేతులకు బడి కట్టిన అహ్మద్

1920లో కలకత్తాలో ఒక దంత వైద్య కళాశాల ప్రారంభమైంది. దాని ఖర్చు భరించింది ప్రభుత్వం కాదు, ఒక ఐస్‌క్రీం దుకాణం. న్యూయార్క్ సోడా ఫౌంటెన్ అనే ఆ దుకాణం డాక్టర్ రఫియుద్దీన్ అహ్మద్‌దే. తీపి పళ్లకు చేసే చేటు తెలిసిన వైద్యుడు తీపి అమ్మి పళ్ల వైద్యం నేర్పించడం చమత్కారంగా తోచవచ్చు గాని, కళాశాల నిలబడింది ఆ ఆదాయంతోనే.

అహ్మద్ 1890 డిసెంబరు 24న తూర్పు బెంగాల్‌లో జన్మించారు. అలీగఢ్‌లో చదివి 1909లో అమెరికా వెళ్లారు. 1915లో అయోవా విశ్వవిద్యాలయంలో దంత వైద్య పట్టా పొంది, బోస్టన్‌లోని ఫోర్సిత్ పిల్లల దంత వైద్యశాలలో పనిచేశారు. దంత పరిశుభ్రత నిపుణులకు ఆ సంస్థ 1916లో శిక్షణ ప్రారంభించింది. పన్ను పాడయ్యాక పీకడం కన్నా పాడవకుండా కాపాడటం వేరే విద్య అని అక్కడ రుజువవుతున్న కాలమది. ఆయన తిరిగి వచ్చిన దేశంలో మాత్రం పన్ను పీకే పని చాలావరకు వీధుల్లోనే సాగేది.

బడి ఎందుకు కావాలో చిగుళ్ల పరీక్ష ఒక్కటి చూస్తే చాలు. చిగుళ్ల వ్యాధి తరచుగా నొప్పి లేకుండానే ముదురుతుంది. పంటికీ చిగురుకూ మధ్య సందు లోతవుతుంది. ఆ లోతు కంటికి కనిపించదు. మిల్లీమీటరు గీతలున్న సన్నని ప్రోబ్‌ను పంటి నిలువు దిశకు సమాంతరంగా దించి, పైకి లాగేయకుండా, చిగురు లోపలే మిల్లీమీటరు చొప్పున అడుగులు వేయిస్తూ పంటి చుట్టూ నడిపించాలని నేటి విద్యార్థులకు నేర్పుతారు. రెండు పళ్లు ఆనుకునే చోట మాత్రం కొద్దిగా వంచాలి. ఒత్తిడి సుమారు 25 గ్రాముల బరువుకు మించరాదు. గట్టిగా గుచ్చితే లేని లోతు నమోదవుతుంది. గార అడ్డుపడిన చోటే ఆగిపోతే ఉన్న లోతు తప్పిపోతుంది. పంటికి ఆరు చోట్ల కొలతలు, ఎక్కడ రక్తం వచ్చిందన్న వివరం రాసుకోవాలి. సాధారణంగా మూడు మిల్లీమీటర్ల వరకు ఆరోగ్యకరమే.

ఇలాంటి చేతి నేర్పు పుస్తకం లేకుండా, గురువు లేకుండా రాదు. అహ్మద్ 1925లో ఇండియన్ డెంటల్ జర్నల్ స్థాపించారు. 1928లో విద్యార్థుల కోసం కరదీపిక రాశారు. ఆయన కృషితో 1939లో బెంగాల్ దంత వైద్యుల చట్టం వచ్చింది. 1948లో దేశమంతటికీ వర్తించిన చట్టం దంత వైద్యులతో పాటు పళ్లు శుభ్రపరిచే హైజీనిస్టులకూ రిజిస్టరు ఏర్పరచింది. ఛత్తీస్‌గఢ్‌లో భిలాయి ఉక్కు నగరం పక్కనున్న హథ్‌ఖోజ్ కార్మికుడు చిగుళ్ల రక్తంతో వెళ్లినప్పుడు, ఎదుటి వ్యక్తి చదువుకున్నవాడో కాదో తేల్చే ఆధారం ఆ రిజిస్టరే.

1949లో అహ్మద్ తన కళాశాలను పశ్చిమ బెంగాల్ ప్రభుత్వానికి అప్పగించారు; నేడది ఆయన పేరుతోనే నడుస్తోంది. తరువాత ఆ రాష్ట్రంలో మంత్రిగా పనిచేశారు. 1964లో పద్మభూషణ్ అందుకుని, మరుసటి ఏడాది కన్నుమూశారు.